అప్‌డేట్ ఫెయిలై లాప్‌టాప్ రీస్టార్ట్ మీద రీస్టార్ట్ అవుతుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నాది విండోస్ 11 లాప్‌టాప్. రాత్రి పడుకునేముందు ఆఫ్ చేద్దామంటే 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' అని వచ్చింది, సరేలే అని నొక్కి మూత వేసేశా. పొద్దున్న ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తుంది, కింద చుక్కలు తిరుగుతాయి, కొంచెంసేపటికి అప్‌డేట్ పూర్తికాలేదు మార్పులు వెనక్కి తీస్తున్నాం అని ఇంగ్లీషులో చూపించి రీస్టార్ట్ అయిపోతుంది, మళ్ళీ లోగో, మళ్ళీ అదే. నా ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. తెలిసినతనికి చూపిస్తే ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు. ఫైల్స్ పోకుండా ఏదైనా దారి ఉందా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: ఉందమ్మా, ఒకటి కాదు చాలా ఉన్నాయి. ఫార్మాట్‌కి మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి. అప్‌డేట్ మార్చేది విండోస్ తన సొంత ఫైల్స్‌ని, మీ రిపోర్ట్ ఉన్న ఫోల్డర్‌తో దానికి పనిలేదు. అందుకని లాప్‌టాప్ ఆన్ కాకపోయినా రిపోర్ట్ చాలావరకు పెట్టినచోటే పెట్టినట్టు ఉంటుంది, దాన్ని తుడిచేసేది ఫార్మాటే.

ముందుగా ఫోన్‌లో వన్‌డ్రైవ్ (ఫైల్స్‌ని ఇంటర్నెట్‌లో దాచిపెట్టే మైక్రోసాఫ్ట్ సర్వీస్) తెరిచి, లాప్‌టాప్‌లో వాడే అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి చూడండి. విండోస్ 11 సెటప్ అప్పుడు చాలామందికి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు తెలియకుండానే వన్‌డ్రైవ్‌కి బ్యాకప్ అయ్యేలా ఆన్ అయిపోతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీనే, కానీ ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి అది సరిపోతుంది. అక్కడ కనబడితే సగం టెన్షన్ పోయినట్టే.

తర్వాత, ఇది నిజంగా లూపేనా కాదా అని తేల్చుకోండి. పెద్ద అప్‌డేట్లు మామూలుగానే రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవుతాయి, మార్పులు వెనక్కి తీయడం కూడా పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో గంట దాటొచ్చు. పర్సెంట్ కదులుతున్నా, డిస్క్ లైట్ మిణుకుమిణుకుమంటున్నా చార్జర్ పెట్టి వదిలేయండి, ఒక రెండు మూడు గంటలు ముట్టుకోవద్దు, మధ్యలో పవర్ నొక్కేసి చిన్న సమస్యని పెద్దది చేసుకునేవాళ్ళే ఎక్కువ. అలా కాకుండా ప్రతిసారీ ఒకేచోటికి వచ్చి ఆగి రీస్టార్ట్ అవుతుంటే అప్పుడది లూప్.

లూప్ అని తేలాక లాప్‌టాప్‌కి తగిలించినవన్నీ పీకేయండి, పెన్‌డ్రైవ్, ప్రింటర్, మౌస్ రిసీవర్, మెమరీ కార్డ్, అన్నీ. చార్జర్ ఒక్కటి ఉంచండి. ఇప్పుడు విండోస్ రికవరీ స్క్రీన్‌కి వెళ్ళాలి. ఆన్ చేసి, చుక్కలు తిరగడం మొదలవ్వగానే పవర్ బటన్ పది సెకండ్లు నొక్కి పట్టుకుని ఆపేయండి. మళ్ళీ ఆన్ చేసి మళ్ళీ అలాగే ఆపండి. రెండుసార్లు వరసగా బూట్, అంటే విండోస్ మొదలవ్వడం, ఫెయిలైందని చూస్తే మూడోసారి విండోస్ తనంతట తనే రికవరీలోకి వెళ్తుంది, ఒక్కోసారి ఇంకోసారి చేయాల్సి రావచ్చు. ఇప్పుడే కదా పవర్ నొక్కొద్దన్నారు అనుకోకండి, పని జరుగుతున్నప్పుడు నొక్కడం వేరు, లూప్ అని తేలాక కావాలని ఆపడం వేరు.

నీలం స్క్రీన్ మీద ఆప్షన్లు వస్తాయి. అందులో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. చాలామంది ముందు స్టార్టప్ రిపేర్ నొక్కుతారు, నొక్కితే నష్టమేం లేదు, కానీ సమస్య అప్‌డేట్ తర్వాతే మొదలైందని మీకు ఖాయంగా తెలుసు కాబట్టి నేనైతే నేరుగా అప్‌డేట్‌నే తీసేయమంటాను. అక్కడ రెండు ఉంటాయి. ఒకటి క్వాలిటీ అప్‌డేట్, అంటే నెలనెలా వచ్చేది. రెండోది ఫీచర్ అప్‌డేట్, అంటే విండోస్ వెర్షనే మారిపోయే పెద్దది. మీకు వచ్చింది నెలవారీదే అయి ఉంటుంది, ముందు క్వాలిటీది తీయండి, కాస్త టైమ్ పడుతుంది, కదలకుండా ఉండనివ్వండి. ఫీచర్ అప్‌డేట్ వెనక్కి తీయాలంటే సాధారణంగా పది రోజుల గడువు ఉంటుంది, తర్వాత పాత వెర్షన్ ఫైల్స్‌ని విండోస్ తనే తుడిచేస్తుంది.

ఇలా తీసేశాక మామూలుగా ఆన్ అయితే సంతోషంలో పడి ఒక పని మర్చిపోవద్దు. వెంటనే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్ళి పాజ్ నొక్కండి. లేదంటే అదే అప్‌డేట్‌ని మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకుని మళ్ళీ రీస్టార్ట్ అడుగుతుంది, మీరు మళ్ళీ మొదటికొస్తారు. బాగైపోయింది అనుకున్న లాప్‌టాప్ రెండ్రోజులకి మళ్ళీ పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. పాజ్ చేశాక సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి, రెండు మూడు జీబీలే మిగిలుంటే అప్‌డేట్ ఎందుకు ఫెయిలైందో అక్కడే తెలిసిపోతుంది, ఒక 20 జీబీ అయినా ఖాళీ చేసి తర్వాత అప్‌డేట్‌ని రానివ్వండి.

అన్‌ఇన్‌స్టాల్ కూడా ఫెయిలైతే అదే పేజీలో సిస్టమ్ రిస్టోర్ చూడండి, అప్‌డేట్‌కి ముందు తేదీతో రిస్టోర్ పాయింట్ ఉంటే దానికి వెళ్ళిపోవచ్చు, మీ ఫైల్స్ జోలికి రాదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రామ్స్ మాత్రం పోతాయి. స్టార్టప్ రిపేర్ కూడా ఇప్పుడు ప్రయత్నించండి.

ఇవేవీ పనిచేయకపోతే, ఇంక వేరే ఏదీ నొక్కకముందు రిపోర్ట్‌ని బయటికి తీసుకోండి. ఇది చాలామందికి తెలీదు కాబట్టి వివరంగా చెప్తాను. పెన్‌డ్రైవ్ పెట్టి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. నల్ల విండో వస్తుంది, అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కితే ఫోల్డర్లు చూపించే విండో వస్తుంది, మనకి కావాల్సింది అదే. కింద టెక్స్ట్ డాక్యుమెంట్స్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ అని మార్చండి, లేకపోతే మీ రిపోర్ట్ కనబడదు, పోయిందనుకుని కంగారుపడతారు. ఎడమపక్క దిస్ పీసీ నొక్కితే డ్రైవ్‌లు వస్తాయి. ఎక్స్ అని ఉన్నది రికవరీ వాడుకునేది, దాన్ని వదిలేయండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు, మీ సీ డ్రైవ్ డీ అని కనబడినా ఆశ్చర్యపోవద్దు, యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉంటే అది మీది. అందులో మీ పేరు, దాంట్లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్. అక్కడ ఖాళీగా ఉంటే మీ పేరు ఫోల్డర్‌లోనే ఉన్న వన్‌డ్రైవ్‌లో చూడండి, బ్యాకప్ ఆన్ అయి ఉంటే డెస్క్‌టాప్ దాంట్లోకి మారి ఉంటుంది. రిపోర్ట్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళి పేస్ట్. ఎంత కాపీ అయిందో చూపించే బార్ రాకపోవచ్చు, విండో బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ఆగండి. అయ్యాక పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌లో పెట్టి ఫైల్ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

రిపోర్ట్ చేతికొచ్చాక రీసెట్ దిస్ పీసీ వాడొచ్చు, అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫైల్స్ ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రామ్స్ పోతాయి. లోకల్ రీఇన్‌స్టాల్, క్లౌడ్ డౌన్‌లోడ్ అని రెండు అడుగుతుంది, లాప్‌టాప్‌లోని ఫైల్సే పాడై ఉండొచ్చు కాబట్టి నెట్ బాగుంటే క్లౌడ్‌దే మేలు, సుమారు 4 జీబీ దిగుతుంది. రికవరీ స్క్రీనే రాకపోతే ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసుకుని దాన్నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా రిపేర్ ఎంచుకుంటే ఇవే ఆప్షన్లు వస్తాయి. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీది తీసుకోండి.

ప్రశ్న: రికవరీ దాకా వెళ్ళాం కానీ బిట్‌లాకర్ కీ అంట, 48 అంకెలు కొట్టమంటోంది. మేం ఎప్పుడూ అలాంటిది పెట్టలేదండి. పాస్‌వర్డ్ కొడితే తీసుకోవట్లేదు.
– ఒక గృహిణి

జవాబు: మీరు పెట్టలేదు నిజమేనండి, విండోసే పెట్టింది. కొత్త లాప్‌టాప్‌లో మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు చాలా మెషీన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని ఫైల్స్‌కి బిట్‌లాకర్ వేసే తాళం, దానంతటదే ఆన్ అవుతుంది, కీ వెళ్ళి ఆ అకౌంట్‌లో సేవ్ అవుతుంది. లాప్‌టాప్ ఎవరైనా కొట్టేసినా అందులో ఫైల్స్ చూడలేరు, అందుకని పెట్టారు, మంచిదే, కానీ ఈ సంగతి కొన్నవాళ్ళకి ఎవరూ నోటితో చెప్పరు, అదే నాకు బాధ.

ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో లాగిన్ అవ్వండి, డివైజెస్ విభాగంలో బిట్‌లాకర్ రికవరీ కీస్ ఉంటాయి. ఒకటికంటే ఎక్కువ కనబడితే, మీ లాప్‌టాప్ స్క్రీన్ మీద కీ ఐడీ అని ఒకటి చూపిస్తుంది కదా, దాని మొదటి ఎనిమిది అక్షరాలు ఫోన్‌లో దేనితో కలుస్తాయో ఆ కీ కొట్టండి. ఏమీ కనబడకపోతే అకౌంట్ వేరేది అయ్యుంటుంది, లాప్‌టాప్ కొన్నరోజు సెటప్ చేసింది ఎవరు, అబ్బాయా, తమ్ముడా, మీవారా, వాళ్ళ మెయిల్‌తో చూడండి. ఆఫీస్ వాళ్ళో కాలేజీ వాళ్ళో ఇచ్చిన మెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కీ వాళ్ళ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది.

ఎక్కడా దొరక్కపోతే ఆ డిస్క్‌లోని ఫైల్స్‌ని మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా తెరిచి ఇవ్వలేరు, అంతా తుడిచి కొత్తగా విండోస్ వేసుకోవడం ఒక్కటే మిగులుతుంది. మేం కీ లేకుండా తెరుస్తాం అని డబ్బులు అడిగేవాళ్ళని నమ్మకండి.

ప్రశ్న: సేఫ్ మోడ్‌లో బాగానే ఆన్ అవుతుంది, మామూలుగా అయితే రీస్టార్ట్ లూపే. విండోస్ పాడైందనుకోవాలా?
– ఒక పాఠకుడు

జవాబు: సేఫ్ మోడ్ అంటే విండోస్ తప్పనిసరి వాటితో మాత్రమే ఆన్ అవ్వడం, అది వస్తోందంటే విండోస్ మూలం బాగున్నట్టే అండి, ఎక్కువగా ఏదో డ్రైవరో (తెర, వైఫై లాంటి భాగాల్ని విండోస్‌తో నడిపించే ప్రోగ్రామ్), యాంటీవైరస్ లాంటి ప్రోగ్రామో అడ్డం పడుతోంది. సేఫ్ మోడ్‌లోనే ఈమధ్య వేసిన యాంటీవైరస్ తీసేసి చూడండి, డివైజ్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్‌ని రోల్ బ్యాక్ చేసి, అంటే పాత వెర్షన్‌కి మార్చి చూడండి. ఏది కారణమో అంతుపట్టకపోతే రికవరీలో స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్ళి 9వ ఆప్షన్ ఎంచుకోండి, అది ఫెయిలైనప్పుడు దానంతటది రీస్టార్ట్ అవ్వకుండా ఆపుతుంది, అప్పుడు స్టాప్ కోడ్, అంటే ఎందుకు ఆగిందో చెప్పే కోడ్, తెరమీదే నిలబడుతుంది, ఫోటో తీసుకోవచ్చు. కొత్త విండోస్ 11లో ఆ తెర నీలం బదులు నల్లగా ఉంటుంది, కంగారుపడొద్దు. కొన్నిసార్లు ఏ ఫైల్ వల్ల ఆగిందో దాని పేరు కూడా రాసి ఉంటుంది, ఆ పేరు దొరికితే పని చాలా తేలిక.

2024 జులై 19న విమానాశ్రయాలు, బ్యాంకులు, ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు జరిగింది ఇలాంటిదే. అందరూ విండోస్ అప్‌డేట్ అనుకున్నారు గానీ అది క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్‌లోని తప్పుడు ఫైల్. దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఫైల్‌ని తీసేస్తే మెషీన్ లేచేది, కానీ చాలాచోట్ల ఒక్కో మెషీన్ దగ్గరికి మనిషి వెళ్ళి చేయాల్సి వచ్చింది, అక్కడ కూడా బిట్‌లాకర్ కీ దొరక్క ఆగిపోయినవాళ్ళు చాలామంది.

ప్రశ్న: ఇంత గొడవెందుకు, అప్‌డేట్స్ మొత్తానికి ఆపేసుకుంటే పోలా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి

జవాబు: వద్దండి. ఆ నెలవారీ అప్‌డేట్లలో ఎక్కువ భాగం బయటివాళ్ళు లోపలికి దూరగలిగే లోపాల్ని పూడ్చేవే, ఆన్‌లైన్ బ్యాంకింగ్ చేసే లాప్‌టాప్‌లో అవి లేకుండా ఉండటం నాకైతే అస్సలు మంచిదనిపించదు. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి అది వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఆపేయడం బదులు కొంచెం వెనక నడవండి. నెలవారీ అప్‌డేట్ ప్రతి నెల రెండో మంగళవారం విడుదలవుతుంది. ఆ ముందురోజు పాజ్ నొక్కి ఒక వారమో పదిరోజులో ఆగండి, అప్‌డేట్‌లో ఏదైనా లోపం ఉంటే ఈలోపు బయటపడుతుంది, తర్వాత వేసుకోండి. పాజ్ ఐదు వారాల దాకా పెట్టుకోవచ్చు. రాత్రి నొక్కేసి మూత వేయకుండా, మీరు ఎదురుగా ఉన్నప్పుడు, చార్జర్ పెట్టి వేయండి. బిట్‌లాకర్ కీ ఈరోజే ఒక కాగితం మీద రాసి, లాప్‌టాప్ బ్యాగ్‌లో కాకుండా వేరేచోట పెట్టండి.

ఇంకొకటి, అప్‌డేట్ల లిస్టులో ఫర్మ్‌వేర్ అనో బయాస్ అనో పేరుతో వచ్చేది ఉంటే దాన్ని వేరేగా చూడండి. అది విండోస్‌ని కాదు, మదర్‌బోర్డ్ మీది చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని మారుస్తుంది, మధ్యలో కరెంట్ పోతే పైన చెప్పిన రికవరీ స్క్రీన్ కూడా రాకపోవచ్చు. అది నడుస్తున్నంతసేపు తెర నల్లగా అయిపోయినా, ఫ్యాన్ గట్టిగా తిరిగినా పవర్ బటన్ జోలికి వెళ్ళకండి.