ఎమ్1 కార్బైన్‌లో సీసం బుల్లెట్లు: కొనేముందు బ్యారెల్ కొలవండి

మీరు అడిగింది ఇదీ: రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఎమ్1 కార్బైన్ మీ చేతికొచ్చింది, రాగి తొడుగు బుల్లెట్ల బదులు పోత పోసిన సీసం బుల్లెట్లు వాడాలని ఉంది, అన్నిటికంటే గట్టివని 0.308 అంగుళం లైనోటైప్ (అచ్చు అక్షరాలకి వాడిన గట్టి సీసం మిశ్రమం) బుల్లెట్లు ఆర్డర్ పెట్టబోతున్నారు. నన్నడిగితే ఆ ఆర్డర్ కాస్త ఆపండి. నా దగ్గర ఉన్నదీ అదే కార్బైన్, చాలాకాలంగా అందులో ఎక్కువగా సీసమే వాడుతున్నాను. సీసం బుల్లెట్ విషయంలో అందరూ మొదట గట్టిదనం గురించే అడుగుతారు. నిజానికి మొదట చూడాల్సింది కొలత.

కారణం చెబుతాను. సీసం బుల్లెట్ బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపల మెలికలుగా చెక్కిన గాళ్ళకంటే సన్నగా ఉంటే, వెనక నుంచి తోసే వేడి గ్యాస్ దాని పక్కల నుంచి దూసుకుపోతుంది. పోతూ పోతూ బుల్లెట్ అంచుల్ని కరిగించి, ఆ సీసాన్ని బ్యారెల్ గోడకి పూసేస్తుంది. మెత్తని బుల్లెట్ అయితే ఒత్తిడికి కాస్త ఉబ్బి ఆ సందుని మూసే అవకాశం ఉంది. లైనోటైప్ ఉబ్బదు. అంటే కొలత తప్పినప్పుడు గట్టి బుల్లెట్టే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లైనోటైప్ చెడ్డదని కాదు, కొలత సరిపోతే బాగానే పనిచేస్తుంది. కానీ దాని గట్టిదనం చూసుకుని కొలత సంగతి వదిలేస్తే లాభం లేదు.

పుస్తకాల్లో గాళ్ళ లోతు దగ్గర వ్యాసం 0.308 అంగుళం అనే ఉంటుంది. కానీ ఈ కార్బైన్లు 60 లక్షలకు పైగా తయారయ్యాయి, అదీ ఒక్క ఫ్యాక్టరీలో కాదు. ఐబీఎమ్ చేసింది, అండర్‌వుడ్ టైప్‌రైటర్ కంపెనీ చేసింది, జ్యూక్‌బాక్సులు చేసే రాక్-ఓలా కూడా చేసింది. యుద్ధం అయ్యాక ఆయుధ డిపోల్లో చాలావాటిని విప్పి, ఒకదాని భాగాలు ఇంకోదానికి వేసి మళ్ళీ బిగించారు. దానికి తోడు ఈ తుపాకీని విప్పకుండా శుభ్రం చేయాలంటే రాడ్ మూతి (బుల్లెట్ బయటికొచ్చే చివర) వైపు నుంచే దూర్చాలి. ఏళ్ళ తరబడి స్టీల్ రాడ్ రాసుకుని మూతి అరిగిపోయినవి కొల్లలు. కాబట్టి మీ బ్యారెల్ కొలత మీ బ్యారెలే చెప్పాలి.

కొలవడం ఇలా. ముందు తుపాకీలో రౌండ్ (తూటా) లేదని చూసుకోండి, మ్యాగజైన్ తీసేయండి. తర్వాత బ్యారెల్లో పాత రాగి మరకలేవీ లేకుండా రాగిని కరిగించే సాల్వెంట్‌తో కడగండి. రాగి పొర మిగిలి ఉంటే కొలతా తప్పొస్తుంది, తర్వాత దానిమీద సీసమూ పట్టుకుంటుంది. బోల్ట్ (రౌండ్ వెనక మూసుకునే భాగం) వెనక్కి లాక్ చేసి, లోపల నూనె రాసి, గాళ్ళకంటే కాస్త లావుగా ఉన్న స్వచ్ఛమైన సీసం గుండు ఒకటి మూతి దగ్గర పెట్టి ఇత్తడి రాడ్‌తో మెల్లగా కొడుతూ లోపలికి పంపండి. చెక్క పుల్ల వాడొద్దు. అది నిలువునా చీలి లోపల ఇరుక్కుంటే బయటికి తీయడం పెద్ద తలనొప్పి.

ఇక్కడ చేతికి తెలిసే సంగతులే ముఖ్యం. గుండు మొదటి అంగుళంలోనే వదులైపోయి తర్వాత బిగుసుకుంటే మూతి అరిగిందన్నమాట. మూతి దగ్గర బిగుతుగా మొదలై ఛాంబర్ (రౌండ్ కూర్చునే చోటు) వైపు వెళ్ళేకొద్దీ తేలిగ్గా జారితే, లోపలి చివర వెడల్పయింది. బయటికొచ్చిన గుండు మీద నాలుగు గట్లు, వాటి మధ్య నాలుగు పల్లాలు నున్నగా అచ్చుపడి ఉంటాయి. ఈ తుపాకీకి నాలుగు గాళ్ళు ఉండడం మన అదృష్టం, ఎదురెదురు గట్లని మైక్రోమీటర్లో పెడితే కొలత నేరుగా వచ్చేస్తుంది. అదే ఐదు గాళ్ళున్న బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ అయితే గట్టుకి ఎదురుగా పల్లం వచ్చి చిరాకు పుట్టిస్తుంది. క్యాలిపర్‌ని మాత్రం నమ్మకండి, మనకి కావల్సింది వెయ్యో వంతు అంగుళం తేడా.

వచ్చిన అంకెకి ఒక వెయ్యో వంతు కలపండి. 0.308 వస్తే 0.309 బుల్లెట్. ఛాంబర్ వైపు వదులుగా అనిపిస్తే 0.310 చూడొచ్చు, ఎందుకంటే గుండు చూపేది దారిలోని అతి ఇరుకైన చోటుని మాత్రమే. అయితే లావు పెంచుకుంటూ పోవడానికి వీల్లేదు. బుల్లెట్ కూర్చున్నాక కేస్ (బుల్లెట్‌ని, మందుని పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) మూతి దగ్గర బయటి వ్యాసం 0.336 అంగుళం దాటకూడదు. మందం ఎక్కువున్న కేసుల్లో 0.310 పెడితే ఛాంబర్లో పట్టేస్తుంది.

నా కార్బైన్‌కి 0.309 కుదిరింది.

ఇక బుల్లెట్ ఆకారం. ఇందులో మీ ఇష్టం కంటే తుపాకీ మాటే ఎక్కువ చెల్లుతుంది. ఇది గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోమేటిక్. గ్యాస్ తీసుకునే చిన్న రంధ్రం ఛాంబర్‌కి దగ్గర్లోనే ఉంటుంది, అక్కడ ఒత్తిడి ఇంకా బాగా ఎక్కువ. అడుగున రాగి కప్పు, అంటే గ్యాస్ చెక్, లేని బుల్లెట్ ఆ రంధ్రం దాటుతూ సీసాన్ని అక్కడ వదిలేస్తుంది. అది లోపలున్న పిస్టన్ (గ్యాస్ తోస్తే కదిలి తుపాకీని నడిపే భాగం) దగ్గర పేరుకుంటుంది. పిస్టన్ నట్ విప్పడానికి ప్రత్యేకమైన రెంచ్ కావాలి, పైగా దాన్ని చీటికిమాటికి విప్పకూడదు. అందుకే గ్యాస్ చెక్ లేని బుల్లెట్ ఎంత చవకగా దొరికినా ఈ తుపాకీకి వద్దంటాను. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను.

బరువు 110 నుంచి 120 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) మధ్య ఉండాలి, ముక్కు గుండ్రంగా ఉండాలి. సైన్యం వాడిన బుల్లెట్ 110 గ్రెయిన్ల గుండ్రటి ముక్కుదే, మ్యాగజైన్, ఫీడ్ ర్యాంప్ (రౌండ్‌ని ఛాంబర్లోకి ఎక్కించే వాలు) అంతా దానికి తగ్గట్టే చేశారు. వెడల్పాటి చదును ముక్కు బుల్లెట్లు ర్యాంప్ అంచున తట్టుకుని ఆగిపోవడం నా తుపాకీలోనే చూశాను.

గట్టిదనం సంగతి ఇప్పుడు. బ్రినెల్ లెక్కలో (గట్టిదనం అంకె, ఎంత ఎక్కువైతే అంత గట్టి) స్వచ్ఛమైన సీసం 5, పాత సీసపు వీల్ వెయిట్లు (కారు చక్రాల బ్యాలెన్స్‌కి తగిలించే దిమ్మలు) సుమారు 12, 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ కలిపిన లైమన్ నంబర్ 2 అనే మిశ్రమం సుమారు 15, లైనోటైప్ 22. గ్యాస్ చెక్ ఉండి కొలత కుదిరితే నంబర్ 2 ఈ తుపాకీకి చాలు. సొంతంగా పోసుకునేవాళ్ళు వీల్ వెయిట్లకి కాస్త తగరం కలిపి, అచ్చులోంచి నేరుగా నీళ్ళలో వేస్తే ఇంకా గట్టిపడతాయి. కానీ ఆ నీళ్ళు ఒక్క చుక్క కూడా కరిగిన సీసం కుండలో పడకూడదు. ఆవిరి పేలి సీసం ముఖాన చిమ్ముతుంది. గాలి బాగా ఆడేచోటే పని చేయండి, అయ్యాక చేతులు కడగనిదే ఏమీ తినకండి.

మైనపు లూబ్ కంటే పౌడర్ కోటింగ్ (బుల్లెట్ మీద పొడి చల్లి కాల్చి పట్టించే పూత) వైపే నా మొగ్గు. పొగ తక్కువ, పిస్టన్ దగ్గర జిడ్డూ తక్కువ. కాకపోతే కోటింగ్‌తో వ్యాసం పెరుగుతుంది, కాబట్టి కోటింగ్ అయ్యాకే సైజింగ్ డైలో (బుల్లెట్‌ని సరైన వ్యాసానికి నొక్కే అచ్చు) దూర్చాలి.

రీలోడింగ్‌లో, అంటే వాడేసిన కేసుల్ని మళ్ళీ నింపడంలో, రెండు మూడు చోట్ల మాత్రం సీసానికి విడిగా జాగ్రత్త పడాలి. ఈ రౌండ్ ఛాంబర్లో ఆగేది కేస్ మూతి అంచు మీద. కాబట్టి మూతిని లోపలికి మడిచే రోల్ క్రింప్ పనికిరాదు, మూతిని పక్కల నుంచి కొద్దిగా నొక్కే టేపర్ క్రింపే వేయాలి. బుల్లెట్ పెట్టేముందు కేస్ మూతిని కొద్దిగా వెడల్పు చేయకపోతే పదునైన అంచు సీసాన్ని చెక్కేస్తుంది, ఆ చెక్కు ఛాంబర్లో చేరితే బోల్ట్ పూర్తిగా మూసుకోదు. కేస్ పొడవు 1.290 అంగుళం, బుల్లెట్‌తో కలిపి మొత్తం పొడవు 1.680 దాటకూడదు.

పౌడర్ (తూటా మందు) ఎంతన్నది రీలోడింగ్ మాన్యువల్లో సీసం బుల్లెట్ పేజీ చూసే నిర్ణయించండి, నా మాట మీదో ఇంకొకరి మాట మీదో కాదు. ఒక్కటి మాత్రం చెబుతాను: సీసం కదా, మెల్లగా పోనిద్దామని హెచ్110 అనే పౌడర్‌ని ఇష్టమొచ్చినట్టు తగ్గించకండి. దాన్ని తగ్గించొద్దని తయారీదారే హెచ్చరిస్తాడు. పైగా ఒత్తిడి చాలకపోతే బోల్ట్ సగం దాకా వెళ్ళి ఆగిపోతుంది, ఖాళీ కేస్ బయటపడదు.

ఒకేసారి పెద్ద పెట్టె కొనకుండా చిన్న ప్యాకెట్‌తో మొదలుపెట్టండి. ఒక మ్యాగజైన్ అయ్యాక బ్యారెల్లో వెలుతురు వేసి చూడండి. గాళ్ళ అంచుల్లో బూడిద రంగు చారలు కనిపిస్తే అక్కడే ఆపి, కొలతలు మళ్ళీ చూడండి. కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా కాక పొడుగ్గా పడుతుంటే బుల్లెట్ గాళ్ళని పట్టుకోవడం లేదని అర్థం.

గుండు కొలత వచ్చాక ఆ అంకె, మీ దగ్గరున్న కేసుల మూతి మందం ఇక్కడ రాయండి. 0.309 తీసుకోవాలా 0.310 తీసుకోవాలా అన్నది అప్పుడు చెప్పగలను.