మొటిమల జెల్లు మొదలుపెట్టబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

చర్మం డాక్టరుకి చూపించుకుని అడపలీన్ జెల్లు రాయించుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు సంతోషమేసింది. పక్కింటివాళ్ల మాట విని టూత్‌పేస్టు పూసుకోకుండా తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లావు చూడు, అది నాకు గర్వంగా ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది.

రాసుకునే పద్ధతి డాక్టరు చెప్పే ఉంటారు. రాత్రిపూట, ముఖం కడిగి బాగా ఆరాక, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత. కళ్ల చుట్టూ, పెదాలు, ముక్కు మూలలు వదిలెయ్. మొదట్లో రోజు విడిచి రోజు. పగలు సన్‌స్క్రీన్.

మొటిమ మీద ఒక చుక్క పెడితే చాలదా అంటావు, నీ సంగతి నాకు తెలుసు. చాలదు. చర్మ రంధ్రం లోపలి కణాలు మామూలుగా రాలిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని, నూనెతో కలిసి దారి మూసేస్తాయి, మొటిమ మొదలయ్యేది అక్కడ, మన కంటికి కనపడడానికి చాలా ముందే. విటమిన్ ఏ లాగా పనిచేసే నీ అడపలీన్ లాంటి మందులు ఆ రాలే తీరుని సరిచేస్తాయి, వాపునీ తగ్గిస్తాయి. అందుకే ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోపు పొట్టు లేస్తుంది, మంట పుడుతుంది, మొటిమలు ఎక్కువైనట్టు కూడా అనిపించొచ్చు. మాయిశ్చరైజర్ రాసుకో, మరీ మండితే ఒకటి రెండు రాత్రులు ఆపు, అయినా తగ్గకపోతే డాక్టరుకే చెప్పు, మందుల షాపు అబ్బాయికి కాదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మీ పిన్ని సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పలేదు. కాన్పు తర్వాత దానికి బుగ్గల మీద మంగు వచ్చింది. డాక్టరు ఒక క్రీము రాసి కొన్ని వారాలు వాడి మళ్లీ రమ్మన్నారు. మచ్చ తగ్గింది, ముఖం తెల్లబడింది, ఇంటికొచ్చినవాళ్లంతా ఏం రాస్తున్నావని అడగడం మొదలుపెట్టారు. ఇంక డాక్టరు ఎందుకు? అదే చీటీ చూపించి, తర్వాత చీటీ కూడా లేకుండా ఖాళీ ట్యూబు చూపించి నెలల తరబడి కొనుక్కుంది. ఆపిన కొద్దిరోజులకే ముఖం ఎర్రగా కందిపోయి, ఎండలోకి వెళ్తే భగ్గుమనేది. సన్నటి రక్తనాళాలు బయటికి తేలాయి, బుగ్గల మీద వెంట్రుకలు వచ్చాయి. మళ్లీ రాసుకుంటే తగ్గేది, ఆపితే తిరగబెట్టేది. పెళ్లిళ్లకి రావడం మానేసింది పిచ్చిది. ఇప్పటికీ తప్పంతా విటమిన్ ఏ మందుదే అంటుంది. కాదురా తల్లీ. ఆ ట్యూబులో మూడు మందులున్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్. మూడోది స్టెరాయిడ్, ముఖాన్ని అలా చేసింది అదే. అది తిట్టే విటమిన్ ఏ మందు ట్రెటినోయిన్, నీ జెల్లు జాతిదే; దాన్ని అమెరికాలో 1971 నుంచి మొటిమలకి వాడుతున్నారు. మన దగ్గర స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన బిగించారు, అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉంటూనే ఉన్నాయి. నీ జెల్లు లేదని ఇంకోటి చేతిలో పెడితే తీసుకోకు. ట్యూబు మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్ పేరు కనిపిస్తే అక్కడే వెనక్కిచ్చెయ్.

ఇంకో మాట, సిగ్గుపడకుండా విను. పెళ్లయి ఏడాది కూడా కాలేదు మీకు. పిల్లల కోసం అనుకుంటున్నా, నెల తప్పినట్టు అనుమానం వచ్చినా, ఈ జెల్లు ఆపి డాక్టరుకి చెప్పు. ఇదే జాతి మందు, మొటిమలకి నోటి ద్వారా వేసుకునే ఐసోట్రెటినోయిన్ మాత్రలు కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం. పైపూతగా రాసేది రక్తంలోకి చాలా తక్కువే వెళ్తుంది గానీ, గర్భంతో ఉన్నప్పుడు దీన్ని కూడా వాడొద్దనే చెప్తారు. అల్లుడుగారికి కూడా ఈ సంగతి తెలియాలి.

ట్యూబు రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మందు పేరు, శాతం నేను చదివి చెప్పాకే మొదలుపెట్టు.

మీ పెద్దమ్మ