‘నమ్మదగినవాడు’ అన్న మాట ఎన్నో వాక్యంలో రావాలి?

బ్రాడీపేట, గుంటూరు

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు పేరట వందనాలు.

విజయవాడ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. మీ సంఘంలో డయాలసిస్ మీద ఉన్న ఆవిడ గురించి రాశావు. అక్షరదోషాల్లేవు, వాక్యం సాఫీగా నడిచింది. కానీ రెండో వాక్యంలోనే ‘దేవుడు నమ్మదగినవాడు’ అనేశావు. ఆవిడ బాధ ఇంకా మొదలే కాలేదు, నీ ఓదార్పు అయిపోయింది.

ఆ మాట బైబిల్లో విలాపవాక్యములు అనే పుస్తకం మూడో అధ్యాయంలోది, 22, 23 వచనాలు. క్యాలెండర్ల మీదా గుమ్మాల మీదా ఆ రెండే కనిపిస్తాయి. వాటికి పైనున్నవి ఎవరూ అచ్చు వేయించరు. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలినప్పటి ఏడుపు ఆ పుస్తకమంతా. ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో 22 చొప్పున వచనాలు, హెబ్రీలోని 22 అక్షరాలతో వరసగా మొదలవుతాయి. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి, మొత్తం 66. రాసిన కవి ఒక్క అక్షరం కూడా వదలకుండా ఏడ్చాడన్నమాట. ఐదో అధ్యాయంలో వచనాలు 22 ఉన్నా అక్షరక్రమం లేదు. వరస పెట్టి ఏడ్చే ఓపిక కూడా అయిపోయిందేమో అనిపిస్తుంది నాకు. అది నా ఊహే, పండితుల మాట కాదు.

ఇప్పుడు మూడో అధ్యాయం మీద వేలు పెట్టి లెక్కపెట్టు. మొదటి 20 వచనాలూ ఫిర్యాదే. ఎనిమిదిలో, మొరపెట్టినా నా ప్రార్థన ఆయన విననే లేదంటాడు. 18లో ఆశ పోయిందంటాడు. 21లో ఏదో జ్ఞాపకం చేసుకుంటాడు. ఆ తర్వాతే 22. అంటే 66 వచనాల్లో దాదాపు మూడో వంతు దాటాక. నీ వ్యాసం 600 మాటలైతే, 200 మాటల దాకా ఆ మాట ఎత్తకు. ఇదేం సూత్రం కాదు, చెయ్యి తిరిగేదాకా పట్టుకు నడవడానికి ఊతకర్ర.

ఇంకా చిన్న కొలత కావాలంటే 13వ కీర్తన చూడు. ఆరు వచనాలు. రెండింట్లో ‘ఎంతకాలం’ అన్న నిలదీత, రెండింట్లో మనవి, రెండింట్లో నమ్మకం. 88వ కీర్తనలో ఆ చివరి మలుపు కూడా లేదు, 18వ వచనం చీకట్లోనే ఆగిపోతుంది. కింద ఒక స్తుతి వాక్యం అతికిద్దామని ఎవరూ అనుకోలేదు. నువ్వూ అతికించకు.

ఇక ఆవిడ సంగతి. ‘ప్రతి ఆదివారం ఉత్సాహంగా నిలబడి పాటలు పాడుతుంది’ అని రాశావు. చూసి రాశావా, బాగుంటుందని రాశావా? ఆవిడకు సోమ, బుధ, శుక్రవారాల వరస అని పైన నువ్వే చెప్పావు. మిషను దగ్గర సుమారు నాలుగేసి గంటలు. శుక్రవారం తర్వాత మళ్లీ సోమవారమే కాబట్టి వారంలో అదే పెద్ద ఎడం. మూత్రం రాని మనిషికి తాగిన నీరు చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. ఆదివారం ఆరాధన వేళకి కాళ్లకు నీరు పట్టి, ఆయాసం వచ్చే రోజులుంటాయి. పాట మధ్యలో కూర్చుండిపోయిందనుకో, అదే రాయి. విశ్వాసం తగ్గిందని చదివేవాళ్లు అనుకోకుండా కారణం కూడా ఒక్క వాక్యంలో చెప్పు.

పరామర్శకు వెళ్లినవాళ్లు కొబ్బరిబోండాలు పట్టుకెళ్లారని మెచ్చుకుంటూ రాశావు. అది కొట్టెయ్. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేయనివాళ్లకు అది ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదకి రావచ్చు. నీ వ్యాసం చదివి ఇంకెవరో అదే పట్టుకెళ్తే? శ్రమ గురించి రాసేవాడు ఆ జబ్బు గురించి కనీసం డాక్టరు చెప్పిన పథ్యమైనా తెలుసుకోవాలి. ప్రేమతో వెళ్లినవాళ్ల చేతిలోనే ప్రమాదం ఉండటం మంచి ఘట్టమే, రాయదలుచుకుంటే ఆ ఎరుకతో రాయి.

హెబ్రీలో నమ్మకత్వానికి ‘ఎమూనా’ అని మాట. ‘ఆమేన్’ కూడా ఆ ధాతువులోంచే పుట్టింది. నిర్గమకాండము 17లో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుంటే మోషే చేతులు బరువెక్కుతాయి. కింద రాయి వేసి కూర్చోబెట్టి, అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పట్టుకుంటారు. పొద్దుగుంకేదాకా ఆ చేతులు నిలకడగా ఉన్నాయని చెప్పే 12వ వచనంలో ఉన్నది ఈ మాటే. ఇది తెలిశాక ‘దేవుని నమ్మకత్వం’ అని గాలిలో రాయలేం. ఆవిడ కింద ఎవరు రాయి వేశారు? తెల్లారుజామున ఆటోలో తోడెళ్లేదెవరు? డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఉన్న చేత్తో బరువు ఎత్తకూడదు గనక బిందె మోసేదెవరు? నీ చిత్తుప్రతిలో వీళ్లెవరూ లేరు.

కారణాలు చెప్పబోకు. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచి కారణాలు వెతికాకే చెడింది, 42వ అధ్యాయంలో దేవుడే వాళ్లను తప్పుపట్టాడు. అన్నీ మేలుకే సమకూడి జరుగుతాయనే రోమా 8:28 మంచి వచనమే, చావింట్లో మొదటి పూట మాత్రం వద్దు. స్వస్థత కూటంలో లేచి సాక్ష్యం చెప్పినట్టు ముగించాలన్న ఆత్రం కూడా వద్దు. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే మిలేతు ఊళ్లో విడిచి వచ్చానని పౌలు తిమోతికి రాశాడు, 2 తిమోతి 4:20. తర్వాత త్రోఫిము బాగయ్యాడో లేదో అక్కడ లేదు. పౌలు దాన్ని దాచలేదు, దానికి సంజాయిషీ ఇవ్వలేదు.

హబక్కూకు ప్రవక్త అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పైరు, గొర్రెలు, పశువులు అంటూ ఆరు నష్టాలు పేరుపేరునా లెక్కపెట్టి, ఆ తర్వాతే ఆనందిస్తానన్నాడు. మన దగ్గర 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి చేలకు చేలు పోయాయి. ఇంకోసారి కౌలు రైతు మీద రాస్తే పూత, కౌలు, పురుగుమందు బాకీ ఇలాగే విడివిడిగా రాయి. ‘అనేక శోధనలు’ అంటే ఎవరికీ ఏమీ కనబడదు.

అచ్చుకిచ్చే ముందు వ్యాసం ఆవిడకు చదివి వినిపించు. పేరు, వీధి తీసేసినా సంఘంలో అందరికీ తెలిసిపోతుంది, అందుకని ఒప్పుకుంటేనే ఇవ్వు. వెళ్లినప్పుడు, రోజుకి ఎన్ని నీళ్లు తాగమన్నారో అడుగు. మజ్జిగ, పులుసు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మే నెల ఎండల్లో ఆవిడ ఏ గ్లాసుతో కొలుచుకుందో, ఎన్నింటికి చివరి గుక్క తాగిందో కనుక్కో. వ్యాసం ఆ గ్లాసు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ప్రభువునందు,
మీ అన్నయ్య