ముందు చూడు, తర్వాత రాయి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ కవితలన్నీ చదివాను. భాష మీద పట్టుంది, నడక బాగుంది. కానీ అందులోని పిట్టలు నువ్వు చూసినవి కావు, పాత కవితల్లోంచి ఎగిరొచ్చినవి. ‘కోయిలమ్మ పాట’ అన్నావు. కూ అని పాడేది మగకోయిల. నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. ఆడదానికి గోధుమరంగు ఒంటి నిండా తెల్లమచ్చలుంటాయి, కిక్ కిక్ కిక్‌మని అరుస్తుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోయే ఆ తల్లి మీద ఎంత కవిత్వం రాయొచ్చో ఆలోచించు.

మన పెద్ద కవులు ఊహలతోనే రాశారనుకోకు. ఆముక్తమాల్యదలో రాయలవారి పద్యం ఒకటుంది. పొలం కాలవల్లో బాతులు రెక్కల్లోకి తల దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మలు నీళ్లు పిండిపెట్టి మరిచిపోయిన బట్టలనుకుని, వాటిని ఇళ్లకు చేర్చుదామని ఊరి కాపలా తలార్లు రేవులోకి దిగుతారు. బాతులు పరుగు తీస్తాయి. వరిచేలకు కాపలా ఉన్న ఆడపిల్లలు నవ్వుతారు. నిద్రపోయే బాతును కళ్లారా చూసినవాడికి తప్ప ఆ పోలిక తట్టదు.

ఈ వానాకాలం ఒక్క గిజిగాడి గూడు చూడు, చాలు. వానలు పడగానే మగపిట్ట తలకీ రొమ్ముకీ పసుపు తేరుతుంది. వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. ఆకు సన్నటి పీచుగా చీలి వస్తుంది. ఆ పీచులతో నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, ఈతమట్టకో గూడు అల్లుతుంది. సగమయ్యాక ఆపేస్తుంది. గూటికి వేలాడుతూ రెక్కలు టపటపలాడించి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలికి దూరి చూసుకుంటుంది. నచ్చితేనే మిగతా సగం, కింది గొట్టం. నచ్చకపోతే ఆ గూడు అలా సగంలోనే వేలాడుతుంది. లోపలి గోడకు తడిమట్టి ముద్దలు మెత్తుతుంది. దానికి మిణుగురును దీపంగా అంటిస్తుందనే కథ అందంగానే ఉంటుంది గానీ, నేను నమ్మను. నువ్వు మట్టి గురించి రాయి.

అక్కడ కూర్చున్నంతసేపూ అది ఏం చేసిందో అంతే రాసుకో. ఒంటరితనం, విరహం అప్పుడే తేవద్దు. నిజంగా నీలో ఉంటే, ఆ సగం గూడు గురించి రాసేటప్పుడు పిలవకుండానే వస్తాయి.

పేర్లు తెలియకపోతే గొర్రెల కాపరులను అడుగు, పాలేర్లను అడుగు. లోకమంతా అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా ముళ్లపొదల్లో మళ్లీ కనబడింది. రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టింది ఆ ఊరి వేటగాడే. వాళ్లకు తెలిసినంత పుస్తకాల్లో దొరకదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కవిత కోసం గూడు దగ్గరికి పోవద్దు, కొమ్మ వంచొద్దు, ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించొద్దు. దానికది సంసారం చేసుకునే కాలం.

చలికాలంలో వీలైతే సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లు. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పిల్లల్ని పెంచుతుంటాయి. తల్లి గొంతుసంచిలోకి పిల్ల తల దూర్చి ఎలా తింటుందో చూసి, పోలికలేవీ లేకుండా పది పాదాలు రాసి పంపు. ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను.

నీ పెదనాన్న