మేడం గారిని అడగండి: అక్క లేచి వెళ్ళిపోయింది

పోయిన నెల ఈ పేజీలో ప్రీమో లెవి పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, ఇటలీ ఆయన, యూదుడు, కెమిస్టు, 24 ఏళ్ళప్పుడు పట్టుకుపోయి హిట్లర్ నాజీలు పోలెండులో నడిపిన ఆష్విట్జ్ క్యాంపులో పడేస్తే బతికి బయటపడి 'ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్' అని రాసుకున్నాడు. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని నేననుకోలేదు. అత్తాకోడళ్ళ తగాదాలు పంపినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే వారం, అవి ఎక్కడికీ పోవు.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ సెకండియర్, విజయవాడలో హాస్టల్లో ఉంటా, మా ఊరు తెనాలి పక్కన. మీరు రాసింది చదివి లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగితే ఎనభై రూపాయలకి దొరికింది, అట్ట సగం చిరిగిపోయి ఉంది. ఇంగ్లీషు కదా, ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని చదివితే పదకొండు రోజులు పట్టింది. అయిపోయాక రెండ్రోజులు మెస్‌లో సరిగ్గా తినలేకపోయా. ఇంకో విషయం, ఇంటర్ రెసిడెన్షియల్లో చదివా, అప్పుడు మేమంతా మా కాలేజీని కాన్సంట్రేషన్ క్యాంప్ అనేవాళ్ళం, వార్డెన్ పేరు హిట్లర్, స్టేటస్‌లు కూడా పెట్టుకున్నాం, ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తోంది. సరే దసరాకి ఇంటికెళ్ళి అమ్మకీ అక్కకీ చెప్దామని కూర్చున్నా, రైల్లో తీసుకెళ్ళిన 650 మంది, గ్యాస్ పెట్టి చంపడం అని మొదలుపెట్టానో లేదో అమ్మ "పండగ పూట ఆ చావు కబుర్లేంటే" అంది, అక్క ఏమీ అనలేదు, ఫోన్ చూసుకుంటూ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది మేడం. వాళ్ళకి మనసు లేదా, నేనే ఓవర్ చేస్తున్నానా? (ఇంకోటి, లొరెంజో తర్వాత ఏమయ్యాడు? పుస్తకంలో సరిగ్గా తెలీలేదు.) - పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ చిరిగిన పుస్తకం తియ్యి తల్లీ. 'అవర్ నైట్స్' అని ఒక చాప్టర్ ఉంటుంది, అందులో ఒక కల వస్తుంది చూడు. జానెడు చెక్క బల్ల మీద ముక్కూమొహం తెలీని ఇంకొకడితో కలిసి పడుకుని ఉంటాడు ఆయన. నిద్రలో ఇంటికెళ్ళిపోయినట్టు కల. ఇంట్లో చెల్లెలుంది, ఒక ఫ్రెండున్నాడు, ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళకి అంతా చెప్పుకుంటున్నాడు, ఆకలి గురించి, పేల తనిఖీ గురించి, ముక్కు మీద గుద్ది రక్తం వస్తే కడుక్కురా పో అని పంపిన కాపో (ఖైదీల మీద పెత్తనానికి పెట్టిన ఖైదీ) గురించి. చెప్తా చెప్తా చూస్తే ఎవరూ వినట్లేదు, వాళ్ళలో వాళ్ళు వేరే ఏదో మాట్లాడుకుంటున్నారు ఈయన అసలక్కడ లేనట్టే, చెల్లెలు ఒకసారి ఈయన వంక చూసి, లేచి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది.

నీ ఉత్తరంలో అక్క లేచి వెళ్ళిన దగ్గర నేను ఆగిపోయా. నువ్వు ఆ పేజీ చదివి మర్చిపోయావో, ఇంగ్లీషులో పట్టుబడక దాటేశావో నాకు తెలీదు.

ఆ కల సంగతి ఆయన ఫ్రెండు అల్బెర్టోకి చెప్తే, నాకూ అదే కల వస్తోంది, చాలామందికి వస్తోంది అంటాడు అతను. అంటే ఆలోచించు, రేపు ఉంటామో లేదో తెలీని మనుషులు రాత్రిపూట భయపడింది చావు గురించే కాదు, బతికి ఇంటికెళ్ళాక ఎవరూ వినరేమో అని. అది నిజం కూడా అయింది కొన్నాళ్ళు. పుస్తకం రాసి పట్టుకెళ్తే ఐనౌడీ అనే పేరున్న పబ్లిషర్లు వద్దన్నారు. 1947లో ఒక చిన్న సంస్థ 2500 కాపీలు వేసింది. అమ్ముడుపోనివి ఓ ఆరొందలు ఫ్లోరెన్స్‌లో గోడౌన్‌లో పడుంటే 1966 వరదల్లో మునిగిపోయాయి. కాదన్న ఆ పబ్లిషరే 1958లో మళ్ళీ వేసిన తర్వాత గానీ జనం చదవలేదు. అంటే పదకొండేళ్ళు. మీ అక్కకి నువ్వు ఒక పూట కూడా ఇవ్వలా.

వాళ్ళకి మనసు లేక కాదు. నువ్వు మొదలుపెట్టిన చోటు అలాంటిది. 650, గ్యాస్, రైలు అనంగానే వినేవాళ్ళకి తలుపు మూసుకుపోతుంది, ఎవరికైనా అంతే, నేను నలభై ఏళ్ళు గుంటూరులో హిస్టరీ చెప్పా, లక్షలు కోట్లు అని అంకెలతో మొదలెట్టిన రోజు వెనక బెంచీ మొత్తం నిద్రే. ఆష్విట్జ్‌లో చంపేసింది దాదాపు 11 లక్షల మందిని, అందులో పది లక్షల మంది దాకా యూదులు, ఇది నిజమే, తెలియాల్సిందే, కానీ మీ అమ్మకి అది అంకె, అంతే.

సూప్ దగ్గర మొదలుపెట్టు. క్యాంపులో సూప్ పెద్ద పెద్ద డ్రమ్ముల్లో వచ్చేది. పైనంతా నీళ్ళు, ముక్కలన్నీ అడుగున. లైన్లో మరీ ముందు నిలబడితే గరిటెకి నీళ్ళొస్తాయి, అందుకని డ్రమ్ము సైజుని బట్టి లైన్లో ఎన్నో వాడుగా నిలబడితే గరిట అడుక్కి చేరుతుందో లెక్కేసుకునేవాళ్ళు, కెమిస్టులూ లాయర్లూ వ్యాపారస్తులూ అందరూ రోజూ కూర్చుని ఆలోచించే లెక్క అదే. రొట్టె తినేటప్పుడు గడ్డం కింద గిన్నె పెట్టుకునేవాళ్ళు, పొడి రాలితే పోతుందని. మీ అమ్మ ఎన్ని పెళ్ళి భోజనాల్లో కూర్చుని ఉంటుంది, సాంబారు బకెట్ పట్టుకొచ్చిన అబ్బాయిని "అడుగు నుంచి తియ్యి నాయనా, అన్నీ నీళ్ళే పోస్తున్నావ్" అని ఎన్నిసార్లు అని ఉంటుంది. ఆవిడకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు. చెప్పి చూడు, గిన్నెలు కడుగుతా ఉన్నప్పుడు చెప్పు, పండగ రోజు కాదు.

చెంచా సంగతి కూడా చెప్పు. ఆ సూప్ తాగడానికి చెంచా ఇచ్చేవాళ్ళు కాదు, రొట్టె ఇచ్చి కొనుక్కోవాలి, లేకపోతే కుక్కలా నాకాలి. క్యాంపు విడుదలయ్యాక స్టోర్లు తెరిస్తే వేలకి వేలు కొత్త చెంచాలు బయటపడ్డాయట, లేక ఇవ్వకపోవడం కాదన్నమాట. ఇది ఆయన చాలా ఏళ్ళ తర్వాత ఇంకో పుస్తకంలో రాశాడు. నాకు గ్యాస్ చాంబర్ కన్నా ఈ చెంచాలే నిద్ర పట్టనివ్వలేదు, ఎందుకో నన్నడగొద్దు.

ఇక మీ కాలేజీ జోకు. సిగ్గుపడ్డావు, సరే, చాలు, ఇంకా దాన్ని పట్టుకుని ఊగులాడకు. బెజవాడ రెసిడెన్షియల్లో చదివిన పిల్లల్లో ఆ మాట అననివాళ్ళు ఎవరమ్మా, మా ఇంట్లో పిల్లలూ అన్నారు, నేనూ నవ్వాను. కాకపోతే ఒక్కటి చూడు. ఆయన క్యాంపుకొచ్చిన కొత్తలో దాహం తట్టుకోలేక కిటికీ బయట వేలాడుతున్న మంచు ముక్క విరుచుకుంటే గార్డు వచ్చి లాగేసుకున్నాడు. ఎందుకు అని అడిగితే, ఇక్కడ ఎందుకు అనేది లేదన్నాడు. మీ వార్డెన్ ఎంత కోపిష్టి అయినా ఎందుకు అని అడిగితే ఏదో ఒకటి చెప్పి తీరాలి, మీ నాన్నొచ్చి అడిగితే ఇంకా చెప్పాలి. తేడా అక్కడుంది. అలాగని మీ రెండేళ్ళు సుఖంగా గడిచాయని నేననను, తెల్లారి అయిదింటికి లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు, ఆదివారం పది నిమిషాలు ఫోను, అది కష్టమే. దాన్ని దాని పేరుతోనే చెప్పు. స్టడీ అవర్ అను. అవతలివాళ్ళ క్యాంపు అరువు తెచ్చుకుంటే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, జోకనుకుని నవ్వి వదిలేస్తారు, రెండేళ్ళు మీకు జరిగింది కూడా అదేగా.

లొరెంజో సంగతి చివర్లో చెప్తా.

ప్రశ్న: మేడం నేను ఇంటర్, గుంటూరు అరండల్‌పేట. ఆ క్యాంపులో పదివేల మంది ఉన్నారన్నారు కదా, గార్డులు ఎంతమంది ఉంటారు మహా అయితే, అందరూ ఒక్కసారి మీద పడితే అయిపోయేది కదా. ఎందుకు పారిపోలేదు? మనోళ్ళయితే ఊరుకునేవాళ్ళా?

జవాబు: బాబూ, నీకన్నా చిన్నవాడు ఒకడు ఇదే ప్రశ్న ఆయన్నే అడిగాడు. లెవి ఒక స్కూలుకెళ్ళి అయిదో క్లాసు పిల్లలతో మాట్లాడుతుంటే ఒక కుర్రాడు లేచి, మీరు ఎందుకు పారిపోలేదు అన్నాడు. ఈయన చెప్పిన కారణాలు వాడికి ఆనలేదు. బోర్డు మీద క్యాంపు బొమ్మ గియ్యమన్నాడు, వాచ్ టవర్లు, గేట్లు, కరెంటు కంచె, పవర్ హౌస్ ఎక్కడెక్కడున్నాయో. ఈయన గీశాడు పాపం. వాడు కాసేపు చూసి ప్లాన్ చెప్పాడు: రాత్రి గార్డు పీక కొయ్యాలి, వాడి డ్రస్ వేసుకోవాలి, పవర్ హౌస్‌కి పరిగెత్తి కరెంటు తీసెయ్యాలి, లైట్లు పోతాయి కంచెలో కరెంటు పోతుంది, ఇక నడిచి వచ్చెయ్యడమే. మళ్ళీ ఎప్పుడైనా ఇలా జరిగితే నేను చెప్పినట్టు చెయ్యండి, పని జరుగుతుంది అని కూడా అన్నాడు. చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఆ తర్వాత నవ్వు రాదు.

నువ్వు చూసిన సినిమాల్లో జైల్లో ఉన్నవాడు కండలేసుకుని ఉంటాడు. వీళ్ళ ఒంట్లో నడిచే ఓపిక లేదు. గుండు, చారల బట్టలు, కాళ్ళకి చెక్క జోళ్ళు, చేతి మీద పచ్చబొట్టు నంబరు, ఈయనది 174517, ఆ నంబరు చూపిస్తేనే తిండి. పోలెండులో మంచు, భాష రాదు, డబ్బుల్లేవు, ఎవరి ఇంటి తలుపు కొడతావ్? ఒకడు పారిపోతే మిగతావాళ్ళ మీద పడేవాళ్ళు, దొరికినవాణ్ణి అందరి ముందూ ఉరి తీసేవాళ్ళు. అయినా అస్సలు తిరగబడలేదనుకోకు. 1944 అక్టోబర్ 7న పక్కనే బిర్కెనావ్ క్యాంపులో శవాలు కాల్చే పని చేయించిన ఖైదీలే తిరగబడి ఒక క్రిమటోరియాన్ని, అంటే ఆ శవాలు కాల్చే భవనాన్ని, ధ్వంసం చేశారు, దానికి మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు చిటికెడు చిటికెడు దాచి బయటికి తెచ్చారు. నలుగురు ఆడవాళ్ళని ఉరి తీశారు 1945 జనవరిలో. అదే నెల 27న రష్యా సైన్యం వచ్చేసింది. మధ్యలో మూడు వారాలే.

మనోళ్ళ సంగతంటావా, ఒక పూట మెస్ లేటైతే నువ్వెలా ఉంటావో నీకే తెలుసు.

ప్రశ్న: మా బావమరిది ఇంటికొచ్చినప్పుడల్లా "ఈ దేశానికి హిట్లర్ లాంటోడు రావాలి బావా, అప్పుడు గానీ డిసిప్లిన్ రాదు" అంటాడు. పిల్లలు వింటున్నారు. పెద్దమనిషిని ఏమనాలో తెలీట్లేదు. - సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ప్రతి ఇంట్లో ఒకరుంటారండీ, మీ ఇంట్లో బావమరిది, మా ఇంట్లో మా ఆయన తమ్ముడు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఎక్కువ వస్తుంది ఈ మాట. వాదించకండి, వాదిస్తే హిట్లర్ వేయించిన హైవేల గురించి మొదలుపెడతారు. డిసిప్లిన్ అంటే ఆ క్యాంపులో ఉన్నంత ఎక్కడుంటుంది చెప్పండి, పక్క చదునుగా సర్దకపోతే దెబ్బలు, పొద్దున తలల లెక్క సాయంత్రం తలల లెక్క, వాయిద్యాలు వాయిస్తుంటే వరసగా పనికెళ్ళడం. అంతా దేనికయ్యా అంటే బూనా అనే సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీ కట్టడానికి, ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక్క కిలో రబ్బరు కూడా రాలేదని రాశాడు లెవి.

అయినా మీ బావమరిదికి కావాల్సింది లెక్కలు కాదు. భోంచేసి కూర్చున్నాక ఒక పాప సంగతి చెప్పండి. లెవి ఎక్కిన రైల్లోనే మిలాన్ ఇంజనీరు గారి మూడేళ్ళ కూతురు ఉంది, హుషారైన, తెలివైన పిల్లట. గూడ్సు పెట్టెలో మనుషుల్ని కుక్కి రోజుల తరబడి తీసుకెళ్తుంటే, ఆ తల్లీ తండ్రీ ఇంజన్ డ్రైవర్ని బతిమాలి ఇంజన్లోంచి గోరువెచ్చటి నీళ్ళు పట్టుకుని ఆ పాపకి రేకు తొట్లో స్నానం చేయించారు. దిగిన రాత్రే ఆ పాపని చంపేశారు. ఆ రైల్లో వచ్చిన 650 మందిలో క్యాంపు లోపలికి పోయింది 96 మంది మగవాళ్ళు, 29 మంది ఆడవాళ్ళు. తర్వాత్తర్వాత వచ్చిన రైళ్ళకైతే ఎంచడం కూడా మానేసి పెట్టెకి రెండు వైపులా తలుపులు తీసేవాళ్ళట, ఒక వైపు దిగినవాళ్ళు లోపలికి, రెండో వైపు దిగినవాళ్ళు గ్యాస్‌కి. మీ బావమరిది ఏ వైపు దిగుతాడో అడగండి. నవ్వుతూనే అడగండి, పండక్కి మళ్ళీ రావాలి కదా.

ఇప్పుడు లొరెంజో. తెనాలి పిల్లా, నీకు గుర్తుంది, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. అతనొక ఇటలీ తాపీ మేస్త్రి, ఖైదీ కాదు, కూలికొచ్చినవాడు. ఆరు నెలలపాటు రోజూ ఒక రొట్టె ముక్కా తన కంచంలో మిగిలిందీ తెచ్చి లెవికి ఇచ్చాడు, మాసికలేసిన బనీనొకటి ఇచ్చాడు, ఇంటికి కార్డు రాసి పెట్టాడు, బదులుగా ఏమీ తీసుకోలేదు. దొరికితే అతన్నీ అదే క్యాంపులో వేసేవాళ్ళు. యుద్ధం అయ్యాక లెవి వాళ్ళ ఊరెళ్ళి వెతుక్కుని కలిశాడు. మనిషి మారిపోయాడు, చూసింది చాలనుకున్నాడేమో, తాగుడులో పడ్డాడు, పని మానేశాడు, లెవి ఆస్పత్రిలో చేర్పించినా నిలవలేదు, 1952లో పోయాడు. లెవి కూతురి పేరు లీసా లొరెంజా, కొడుకు పేరు రెంజో.

సాంబారు సంగతి అమ్మ ఏమందో రాయి. కార్డు ముక్క చాలు.