పరాయి ఇంట్లో మూడు నెలలు: స్పానిష్ కోసం అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ పూర్తి చేసింది. స్పెయిన్‌లోని సాలమాంకాలో 12 వారాల స్పానిష్ కోర్సులో చేరి, అక్కడే ఒక కుటుంబంతో ఉంటానని పట్టుబడుతోంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఆడపిల్లను ఎలా ఉంచాలి? హాస్టల్ మేలా, హోస్ట్ ఫ్యామిలీ మేలా? దీనివల్ల ఉద్యోగం వస్తుందా? మేము శాకాహారులం కూడా.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు నాలుగు ప్రశ్నలు అడిగినా భయం ఒక్కటే: పరాయి ఇంట్లో ఆడపిల్ల. నాకు వచ్చే ఉత్తరాల్లో ఊరి పేరు మారుతుంది, దేశం మారుతుంది, ఈ భయం మాత్రం మారదు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

సాలమాంకా చదువుల ఊరు. అక్కడి విశ్వవిద్యాలయం 1218లో పుట్టింది. విదేశీ విద్యార్థులకు గది ఇవ్వడం ఆ ఊళ్ళో చాలా ఇళ్ళకు అలవాటైన పని. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన దంపతులో, ఒంటరిగా ఉంటున్న పెద్దావిడో ఎక్కువగా ఇందుకు ముందుకొస్తారు. మీ అమ్మాయికి ఒక గది, ఇంటి తాళంచెవి, కట్టిన డబ్బును బట్టి రెండు పూటలో మూడు పూటలో భోజనం ఉంటాయి. స్నానం తొందరగా ముగించమంటారు, బట్టలు వారానికోసారే మెషీన్‌లో వేస్తారు. చాలామంది వంటగదిలో చెయ్యి పెట్టనివ్వరు, రాత్రిపూట స్నేహితులను తీసుకురానివ్వరు. మీ ఇంటి ఆంక్షలకు ఇవేమీ తీసిపోవు!

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. మాంసం తిననని చెబితే సలాడ్‌లో ట్యూనా చేప వేసి పెట్టేవాళ్ళున్నారు. పప్పు వండి అందులో పంది సాసేజ్ ముక్కలు కలుపుతారు. వాళ్ళ దృష్టిలో అది పప్పే. అందుకని ఫారంలో ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా మాంసం, చేప, హామ్, అవి ఉడికించిన నీళ్ళు ఏవీ వద్దని విడివిడిగా రాయించండి. గుడ్డు తింటుందంటే సగం సమస్య తీరినట్టే, బంగాళాదుంపల ఆమ్లెట్ అక్కడ ఇంటింటా ఉంటుంది. మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రిది తొమ్మిదింటికో ఇంకా తర్వాతో. మొదటి వారం ఆకలికి ఏడుపొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇక నన్ను నిజంగా ఆలోచింపజేసేది భద్రత కాదు. ‘అక్కడికి వెళ్తే చాలు, భాష దానంతటదే వచ్చేస్తుంది’ అని ఇప్పుడు అందరూ చెబుతున్నారు చూడండి, ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. అక్షరం ముక్క రాకుండా వెళ్ళిన పిల్ల భోజనాల బల్ల దగ్గర ఏం చేస్తుంది? ఇంటావిడ ఏదో అడుగుతుంది, పక్కన టీవీ మోగుతుంటుంది, ఈ పిల్ల నవ్వి ‘సీ, సీ’ (అవును, అవును) అని తలూపి గదిలోకి వెళ్ళి ఫోన్ తీస్తుంది. ఇంటెన్సివ్ కోర్సంటే వారానికి 20 క్లాసులు, 12 వారాలకు 240. యూరప్‌లో భాషా స్థాయిని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు; అందులో నాలుగోది, ఆఫీసు పని చేయగలిగే బీ2 స్థాయికి మామూలుగా 500, 600 గంటలు కావాలంటారు. లెక్క మీరే వేసుకోండి.

నా సలహా ఏమిటంటే, ముందు ఇక్కడే రెండో మెట్టు ఏ2 దాకా నేర్చుకోనివ్వండి. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఉంది, హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనూ స్పానిష్ ఉంది. త, ద పలకడం మన నోటికి వచ్చినట్టే ఉంటుంది కాబట్టి మొదట్లో చకచకా సాగుతుంది కూడా. ఆ తర్వాత వెళ్తే ఆ ఇంటావిడతో గ్యాస్ బిల్లు గురించీ పక్కింటివాళ్ళ గురించీ మాట్లాడగలుగుతుంది, అప్పుడు కుటుంబంతో ఉన్నందుకు ఫలితం దక్కుతుంది. స్పానిష్ స్థాయికి సర్టిఫికెట్ ఇచ్చే డెలే పరీక్ష సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, నేను మళ్ళీ చెప్పను.

ఉద్యోగమా? ఒట్టి స్పానిష్‌తో పెద్దగా రాదు. బీకామ్‌తో పాటు బీ2 ఉంటే లాటిన్ అమెరికాకు మందులు పంపే ఫార్మా కంపెనీలు, స్పానిష్ క్లయింట్లున్న అకౌంటింగ్ ఆఫీసులు చూస్తాయి. ‘అక్కడే పార్ట్‌టైమ్ చేసుకుని ఖర్చులు రాబట్టుకోవచ్చు’ అని ఏజెంట్ ఎవరైనా అంటే ఆ ఆఫీసు మెట్లు మళ్ళీ ఎక్కకండి. 12 వారాలంటే 84 రోజులు, 90 లోపే కాబట్టి యూరప్ దేశాలకు కొద్దికాలానికి ఇచ్చే షెంగెన్ వీసాతో సరిపోతుంది. కానీ అది పని చేసుకోవడానికి ఇచ్చే వీసా కాదు.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. రోజుకు నాలుగు వీడియో కాల్స్ చేసి ‘తిన్నావా, ఎక్కడున్నావు, పక్కన ఎవరు’ అని అడిగేటట్టయితే పంపకండి, డబ్బు దండగ. లక్షలు పోసి స్పెయిన్‌లో ఒక తెనాలి గది అద్దెకు తీసుకున్నట్టవుతుంది. ఇరవై దాటిన పిల్ల, డిగ్రీ చేతిలో ఉంది, ఊరు తనే వెతుక్కుంది. అంత ఆలోచించిన పిల్లను నమ్మలేకపోతే తప్పు ఆ ఇంటివాళ్ళది ఎలా అవుతుంది?

హాస్టల్‌తో పోలిక అడిగారు. అక్కడ స్వేచ్ఛ ఎక్కువ, వంట చేసుకోవచ్చు, కానీ ఇంగ్లీషులోనే రోజులు గడిచిపోతాయి. మీ భయానికీ తన చదువుకూ కుటుంబమే మేలు.

డబ్బు కట్టేముందు స్కూలుకు సెర్వాంటెస్ గుర్తింపు ఉందో లేదో చూసి, నేరుగా వాళ్ళకే మెయిల్ రాయించండి. ఇల్లు నచ్చకపోతే ఎన్నాళ్ళలో మారుస్తారు, అందుకు అదనంగా తీసుకుంటారా, రాత్రివేళ ఫోన్ చేయాల్సిన నంబర్ ఏది అని అడగమనండి. జవాబులు రాతపూర్వకంగా వచ్చాకే అడ్వాన్స్ పంపండి.