కార్పొరేట్ వీడియో చిత్రీకరణకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరా?

కంపెనీ ప్రచార వీడియోను కొంత ఆఫీసులో, కొంత వీధిలో తీయడానికి ప్రభుత్వ అనుమతి కావాలా అన్నది ప్రశ్న. ప్రైవేటు ప్రాంగణం లోపల తీసే భాగానికి సాధారణంగా యజమాని రాతపూర్వక సమ్మతి సరిపోతుంది. రోడ్డు, పార్కు, రైల్వే స్టేషన్ వంటి చోట్ల మాత్రం ఆ స్థలం ఏ శాఖ అధీనంలో ఉంటే ఆ శాఖనే అడగాలి. వీడియో ఉద్యోగుల శిక్షణకే కదా అన్నంత మాత్రాన మినహాయింపు దొరుకుతుందని అనుకోకూడదు. చాలాచోట్ల అధికారులు చూసేది వ్యాపార ప్రయోజనం ఉందా, జనం రాకపోకలకు అడ్డు కలుగుతుందా అన్నదే. చేతిలో చిన్న కెమెరాతో ఇద్దరు నడిచిపోతే పట్టించుకోనివారు కూడా, ఫుట్‌పాత్‌పై ట్రైపాడ్ నిలిపి లైట్లకు కేబుళ్లు పరచగానే అనుమతి పత్రం అడగడానికి కారణం అదే.

దరఖాస్తులో తేదీ, వేళలు, సిబ్బంది సంఖ్య, వాహనాలు, పరికరాల వివరాలు స్పష్టంగా రాయాలి. ఇతరులకు కలిగే నష్టానికి పరిహారం చెల్లించే బీమా పత్రాన్ని కూడా తరచూ అడుగుతారు. అందులో స్థలాన్ని నిర్వహించే శాఖ పేరు చేర్చాలన్న షరతు ఉండవచ్చు కనుక, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదే. ట్రాఫిక్ ఆపాలంటే పోలీసుల సమ్మతి అవసరం. డ్రోన్‌కు విమానయాన నిబంధనలు విడిగా వర్తిస్తాయి, చిత్రీకరణ అనుమతి ఉన్నంత మాత్రాన దాన్ని ఎగరవేయకూడదు.